మా గల్లీలో పాత డీజిల్ ఇండికా

ముంబైలో మనవాళ్ళ ఇంట్లో కారు ఉందంటే చాలు, వచ్చిన చుట్టం చెప్పులు విడవకముందే అడిగే మాట "ఎంతిస్తది?" అని. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నమాట. మా 2008 ఇండికా డీజిల్ విషయంలో ఈ ఒక్క ప్రశ్నకు మా ఇంట్లోనే మూడు జవాబులుండేవి. నాయన 18 అనేవాడు, అది కారు కొత్తగా ఉన్నప్పటి లెక్క. అన్న 15 అనేవాడు, అది ఆయన ఆశ. ఊరికి పోయేటప్పుడు పర్సు తీసేది వదిన. "పన్నెండు పదమూడు ఇస్తే గొప్ప" అని ఆమె లెక్క. తర్వాత కొలిచి చూస్తే వదిన మాటే దగ్గరగా ఉంది.

ఊరంటే నారాయణపేట వైపు. ముంబై నుండి పుణె, షోలాపూర్, కలబురగి, సేడం, గుర్మిట్‌కల్ మీదుగా 600 కిలోమీటర్లు పైమాటే. దసరాకొకసారి, ఎండాకాలం ఒకసారి. పోయేటప్పుడు ఐదుగురం, వచ్చేటప్పుడు ఐదుగురం ప్లస్ జొన్నల మూట, బియ్యం బస్తా, పచ్చళ్ళ డబ్బాలు. ఖండాలా ఘాట్ ఎక్కేటప్పుడు ఎ.సి. ఆపేసి, కిటికీలు దించి, రెండో గేర్లో లారీల వెనక పాక్కుంటూ పోయేవాళ్ళం. అన్నకు ఇది తలవంపులు. ఇంజనుకు బలం పెంచాల్సిందేనని ఆయన పట్టు. మైలేజీ పెరగాలని వదిన పట్టు.

మూడో పట్టు ఇంకొకటి ఉంది. మా ఇల్లు కామాటిపురాలో. వందేళ్ళు, రెండు వందల ఏళ్ళ కింద నిజాం సీమ నుండి కూలికొచ్చి ఈ నగరానికి రోడ్లు వేసి, గోడలు కట్టిన కామాటీల పేరు మీద వెలిసిన పేట ఇది. బయటివాళ్ళకు ఈ పేరు చెబితే ఇంకేదో గుర్తొచ్చి నవ్వుతారు, దానికి మేము అలవాటు పడ్డాం. నంబర్లతో పిలిచే ఈ గల్లీలు మనుషుల కోసం, మహా అయితే ఎడ్లబండ్ల కోసం వేసినవి. కారు నిలబెడితే దాని సైలెన్సరు గొట్టం సరిగ్గా కింది ఖోలీ పెద్దమ్మ కిటికీకి ఎదురుగా వస్తుంది. మూరెడు దూరం కూడా ఉండదు. ఊరికి పోయే రోజు తెల్లవారుజామున నాలుగింటికి బండి స్టార్టు చేస్తే, తెల్లటి పొగ నేరుగా ఆమె మంచం మీదికే. ఆమెకు దమ్ము ఉంది. ఏనాడూ కొట్లాడలేదు, కిటికీ రెక్క మాత్రం గట్టిగా మూసేది. ఆ రెక్క చప్పుడు మా నాయనకు తిట్టుకన్నా ఎక్కువ తగిలేది.

కాబట్టి ప్రశ్న ఇదీ: ఒక పాత డీజిల్ బండికి మైలేజీ పెంచి, బలం పెంచి, పొగ తగ్గించడం ఒకేసారి అయ్యే పనేనా? ఒకటి పెంచితే ఇంకొకటి పోతుందా?

నాగ్‌పాడా వైపు ఒక గ్యారేజీ మిస్త్రీ దగ్గర దీనికి ఐదు నిమిషాల మందు ఉంది. "పంపు స్క్రూ పావు చుట్టు తిప్పుతా, ఘాట్‌లో విమానం లెక్క లేస్తది" అన్నాడు. అన్న ఒప్పుకున్నాడు కూడా. మేము ఆపాం. ఎందుకో చెప్పాలంటే డీజిల్ ఇంజను ఎట్లా పనిచేస్తుందో రెండు మాటలు చెప్పాలి.

పెట్రోలు బండిలో యాక్సిలరేటరు తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది. పాత డీజిల్లో గాలికి తలుపు లేదు. సిలిండరు ప్రతిసారీ తను పీల్చగలిగినంత గాలి పీల్చేస్తుంది, దాన్ని నొక్కి నొక్కి నిప్పులా కాగబెడుతుంది, అందులోకి పంపు డీజిల్ చిమ్ముతుంది. మన కాలు శాసించేది డీజిల్‌ను మాత్రమే. మా ఇండికాది 1405 సి.సి. ఇంజను, టర్బో లేదు, కొత్తగా ఉన్నప్పుడే 53 హార్స్‌పవర్ చిల్లర. కంప్యూటరు బలం పెంచే సంగతి దీనికి వర్తించదు, అంతా పంపు, స్ప్రింగులు, స్క్రూలు. ఆ స్క్రూ తిప్పితే ఎక్కువ డీజిల్ పడుతుంది నిజమే. కానీ గాలి పెరగదు గదా. ఉన్న గాలికి మించి పడిన డీజిల్ మసి అయిపోతుంది. కొంచెం బలం పెరిగినట్టే ఉంటుంది, దానితో పాటు పిస్టన్ల వేడీ పెరుగుతుంది, వెనక నల్లటి తోక మొలుస్తుంది.

ఈ సంగతి ఇంట్లో చర్చ జరుగుతుంటే గడపలో కూర్చున్న పెద్దమ్మ అన్నది: "పొయ్యి నిండ కట్టెలు దోపితే మంట లేస్తదా బిడ్డా? ఊదాలె గని." మేము అరగంట చెప్పలేనిది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. అన్న మళ్ళీ స్క్రూ మాట ఎత్తలేదు.

ఈ పొగ మా పేటకు కొత్తేమీ కాదు. నల్లా పసుపూ ట్యాక్సీలు డీజిల్ మీద తిరిగిన రోజులు మాకు చిన్నప్పటివే అయినా బాగా గుర్తున్నాయి. ముంబై సెంట్రల్ నుండి గ్రాంట్ రోడ్ దాకా నడిచి వస్తే ముక్కు తుడిచిన గుడ్డ నల్లగా ఉండేది. 1999లో బొంబాయి హైకోర్టు ఈ నగరపు వాహన కాలుష్యం మీద వి.ఎం. లాల్ అధ్యక్షతన కమిటీ వేయించింది. ఆ తర్వాత కోర్టు ఆదేశాలతో 2000ల మొదట్లో పాత డీజిల్ ట్యాక్సీలు సి.ఎన్.జి.కి మారాయి. డ్రైవర్లు పికప్ పోయిందని, వెనక డిక్కీ అంతా సిలిండరే తినేసిందని గొణిగారు, కానీ మారారు. ఆ పద్మినీలు కూడా 2023 అక్టోబరు 30తో రోడ్డు దిగిపోయాయి. ఆ నాటి డ్రైవర్లలో కొందరు డీజిల్లో కిరోసిన్ కలిపేవారని నాయన చెబుతాడు. అగ్గువకు దొరికేది మరి. మా ఇండికాలో ఉన్నటువంటి రోటరీ పంపుకు డీజిలే ఇంధనం, డీజిలే కందెన కూడా. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు. ఆదా చేసిన డబ్బు పంపు రిపేరుకు పోయేది.

సరే, స్క్రూ తిప్పం. మరేం చేస్తాం? మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. అందులో ఉన్న నియమం ఒకటే: ముందు కొలువు, తర్వాత ముట్టుకో, ముట్టుకునేది ఒకసారికి ఒక్కటే. గ్యారేజీల్లో జరిగేది దీనికి తలకిందులు. ఒకేరోజు ఐదు మారుస్తారు, బండి బాగైతే ఏది పనిచేసిందో వాళ్ళకూ తెలియదు, మనకూ తెలియదు. బిల్లు మాత్రం ఐదింటికీ.

నోటుబుక్కు ఒకటి పెట్టాం. మైలేజీకి: ఒకే బంకు, ఒకే గన్ను, ట్యాంకు నింపి, గన్ను తనంతట తాను ఆగిన మొదటి చప్పుడు దగ్గర ఆపించడం. బంకు పిల్లవాడు రూపాయలు రౌండు చేయడానికి ఇంకొంచెం కొడతానంటాడు, వద్దనాలి. మళ్ళీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించడం. ఒక ట్యాంకు లెక్కను నమ్మలేదు, మూడు ట్యాంకుల సగటు తీసుకున్నాం. సిటీలో 10.5 వచ్చింది. 2024 దసరా ప్రయాణంలో హైవే మీద 13.2. బలానికి: ఆదివారం తెల్లారి ఈస్టర్న్ ఫ్రీవే మీద, ఎదురూ వెనకా బండి లేనప్పుడు, నాలుగో గేర్లో 40 నుండి 80కి ఎన్ని సెకన్లు పడుతుందో. పక్కన కూర్చున్న వదిన ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కేది. 23 సెకన్లు. పొగకు: పి.యు.సి. పరీక్షలో వచ్చే అంకె. మా కాలపు డీజిల్ బండికి పరిమితి 2.45. మాది 2.1. పాస్.

ఈ పాస్ దగ్గర కాస్త ఆగాలి. సర్టిఫికెట్ అద్దానికి అంటించుకొని మా బండి శుద్ధమైనది అనుకునేవాళ్ళు మనలో చాలామంది. ఆ పరీక్ష ఇంజను వేడెక్కాక చేస్తారు, యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కి నల్లపొగ ఎంత దట్టంగా ఉందో చూస్తారు. పెద్దమ్మ కిటికీలోకి పోయేది చల్లటి ఇంజను వదిలే తెల్లపొగ. దాన్ని ఆ పరీక్ష చూడనే చూడదు. పైగా పరిమితి లోపల ఉండటం వేరు, బాగుండటం వేరు. మా ఆఫీసులోనూ ఇదే గొడవ.

పొగ రంగు చూసి రోగం చెప్పడం కష్టమేమీ కాదు. నల్లపొగ అంటే గాలికి మించిన డీజిల్. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, నాజిల్ సన్నగా చల్లకుండా ధారగా కార్చినా ఇదే. నీలిపొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతోంది, అది రింగులదో వాల్వు సీళ్ళదో పెద్ద పని. తెల్లపొగ, కళ్ళు మండించేది, కాలకుండానే ఆవిరైపోయిన డీజిల్. పొద్దున్న చలిలో గ్లోప్లగ్గులు పనిచేయకపోయినా, కంప్రెషన్ తగ్గినా, ఇంజను తగినంత వేడెక్కకపోయినా వస్తుంది. మాకు తెల్లదీ ఉంది, నల్లదీ ఉంది, నీలిది లేదు. ఆ లేకపోవడమే ధైర్యం. ఖర్చు మొదలుపెట్టే ముందు కంప్రెషన్ చూపించాం. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. అది చెడి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది, బండి కుర్లా సి.ఎస్.టి. రోడ్డు తుక్కు దుకాణాలకు పోయేది.

మొదట డబ్బు అక్కర్లేనివి. డిక్కీ ఖాళీ చేస్తే పాత టైలు పెట్టె, నాయన మేస్త్రీ పనిముట్లు, ఎప్పటివో రెండు ఇనుప కుర్చీలు బయటపడ్డాయి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినదానికన్నా చాలా తక్కువ ఉంది. 10.9 అయింది. ఈ 0.4 నిజమో, ట్రాఫిక్ దయో చెప్పలేం, అందుకే పెద్దగా సంబరపడలేదు.

రెండోది థర్మోస్టాట్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాం, ఎందుకంటే మన దేశంలో పాత బండి ఉన్న ప్రతివాడూ చూసుకోవాల్సింది ఇదే. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ఉండే చిన్న కవాటం అది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూసుకొని నీళ్ళను లోపలే తిప్పుతుంది, వేడెక్కాక తెరుచుకుంటుంది. ఎప్పుడో ఏ గ్యారేజీలోనో మా బండి దాన్ని పీకేశారు. "ఇక్కడ ఎండలు ఎక్కువ, ఇది అక్కర్లేదు, ఇది ఉంటే బండి వేడెక్కుతది" అనేది మిస్త్రీల పాత వేదం. దాంతో స్టార్టు చేసిన క్షణం నుండి రేడియేటరు ఇంజనును చల్లార్చడమే. హైవే మీద టెంపరేచర్ సూది సగానికి ఎన్నడూ చేరేది కాదు. "చూడు, ఎంత చల్లగా ఉన్నదో మన బండి" అని నాయన మురిసేవాడు. చల్లటి ఇంజనులో ఆయిల్ చిక్కగా ఉంటుంది, రాపిడి ఎక్కువ, పేలిన వేడిలో పెద్ద వాటా గోడలకే పోతుంది. మా ఇంజనుది మరీ పాత పద్ధతి, డీజిల్‌ను ముందు ఒక చిన్న గదిలో చిమ్మి అక్కడ అంటించే రకం. ఆ గది గోడలు కూడా వేడి తాగేస్తాయి. అలాంటి ఇంజనుకు చలి అసలే పడదు.

కొత్త థర్మోస్టాట్ వెయ్యి రూపాయలలోపు. రేడియేటరు కడిగించి, మంచినీళ్ళ బదులు కూలెంట్ పోయించాం. సూది మొదటిసారి సగం దగ్గర నిలబడింది. నాయన భయపడి బండి ఆపమన్నాడు. మూడు ట్యాంకుల తర్వాత 11.6. ఒక్క చిన్న ఇత్తడి ముక్కతో.

బ్రేకుల సంగతి త్వరగా ముగిస్తాం. బండి నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూస్తే ముందు ఎడమది పొయ్యి మీది పెనంలా ఉంది. జాకీ ఎత్తి తిప్పితే తిరగడానికి మొరాయించింది. గల్లీ వానల్లో నిలబడి నిలబడి క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టాయి. అంటే మేము ఇన్నాళ్ళూ సగం బ్రేకు వేసుకొనే ఘాట్ ఎక్కుతున్నాం. అది సరిచేస్తే 23 సెకన్లు 21.5 అయ్యాయి. కొత్త బలం ఏదీ పుట్టలేదు, పోతున్నది ఆగింది.

చివరికి ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, నాజిళ్ళు. ఎయిర్ ఫిల్టరులో నగరమంతా ఉంది: సిమెంటు ధూళి, మెట్రో పనుల మన్ను, ఎవరిదో పతంగి దారం. కొత్త పెట్రోలు కార్లలో మురికి ఫిల్టరు ఉంటే కంప్యూటరు గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుంది, బలం తగ్గినా మైలేజీ పెద్దగా పోదు. మా మెకానికల్ పంపుకు గాలి తగ్గిన సంగతే తెలియదు, డీజిల్ అంతే పోస్తుంది. అందుకే ఇటువంటి బండ్లలో ఇది రెండు వందలిచ్చి కొనే బలం. నాజిళ్ళను డీజిల్ పంపుల షాపులో బెంచీ మీద పెట్టి చూపించారు. మంచి నాజిల్ మంచు పొగలా చల్లుతుంది. మావాటిలో రెండు ముక్కు కారినట్టు కారుస్తున్నాయి. నాలుగూ మార్చాం, పంపు టైమింగు కంపెనీ గుర్తుకు సరిచేయించాం. స్క్రూను మాత్రం ముట్టనియ్యలేదు, దాని సీలు మా కళ్ళ ముందే ఉంది.

సిటీలో 12.5. ఫ్రీవే మీద 18 సెకన్లు. పొగ అంకె 2.1 నుండి 0.8. 2025 ఎండాకాలం ఊరి ప్రయాణంలో 17.1. ఖండాలాలో మూడో గేర్లో ఎక్కాం. ఎ.సి. ఆపాల్సే వచ్చింది, 53 గుర్రాలు 53 గుర్రాలే. అన్న ఊహించుకున్న విమానం కాలేదు, కానీ లారీలను దాటాం. కొత్త కామన్‌రైల్ కార్ల మైలేజీ ఇటువంటి ఇంజను నుండి ఆశించకూడదు.

వదిన లెక్క వేరుగా వేసింది. మొత్తం ఖర్చు 13,400. ఏడాదికి రెండు ఊరి ప్రయాణాలు 2,500 కిలోమీటర్లు, సిటీలో ఒక 3,000. లీటరు సుమారు 90 రూపాయల చొప్పున ఏడాదికి మిగిలేది 8,000 దగ్గర. అంటే పెట్టింది తిరిగి రావడానికి ఏడాదీ ఎనిమిది నెలలు. "గొప్ప లాభమేం కాదు" అన్నది. నిజమే. డబ్బు కోసమే అయితే టైర్ల గాలి, థర్మోస్టాట్, ఫిల్టర్లు, బ్రేకు, ఇవి చేయించి నాజిళ్ళు వదిలేయొచ్చు. ఖర్చులో పెద్ద వాటా వాటిదే. మేము వదిలేయకపోవడానికి కారణం కింది కిటికీ.

ఆ కిటికీ దగ్గర పని పూర్తి కాలేదని కూడా చెప్పాలి. నాజిళ్ళతో పాటు పనిచేయని రెండు గ్లోప్లగ్గులు మార్చాక తెల్లపొగ బాగా తగ్గింది, పోలేదు. చల్లటి పాత డీజిల్ ఇంజను కొంచెమైనా వదులుతుంది. కాబట్టి ఇప్పుడు పొద్దున ప్రయాణం ఉంటే ముందురోజు రాత్రే బండిని తిప్పి, గొట్టం రోడ్డు వైపు వచ్చేలా నిలబెడుతున్నాం. స్టార్టు చేశాక అక్కడే నిలబెట్టి వేడి చేసే అలవాటు మానేశాం, మెల్లగా నడుపుతూనే వేడెక్కిస్తాం. నిలబెట్టి వేడి చేస్తే ఇంజను ఆలస్యంగా వేడెక్కుతుంది, గల్లీ త్వరగా నిండుతుంది.

వర్లీ బి.డి.డి. చాళ్ళలో మా బావ ఉన్నాడు, ఆయనది టర్బో ఉన్న డీజిల్ స్విఫ్ట్. ఇదంతా విని నవ్వి, తన బండికి ట్యూనింగ్ బాక్సు పెట్టిస్తానన్నాడు. ఆయన బండికి అది నిజంగానే బలం ఇస్తుంది, టర్బో ఎక్కువ గాలి తోయగలదు గనుక. కానీ పాత క్లచ్ ఆ బలాన్ని మోయాలి, పాత టర్బో మోయాలి, మసి పట్టిన ఇ.జి.ఆర్. మోయాలి. "బావా, ముందు ఇ.జి.ఆర్. కడిగించు, ఇంటర్‌కూలర్ గొట్టాలు ఎక్కడైనా పగిలాయేమో చూపించు, బ్రేకులు పట్టుకున్నాయేమో చూడు, ఆ తర్వాత బాక్సు మాట" అన్నాం. గొట్టం ఒకటి పగిలే ఉంది. అది మార్చాక బాక్సు ఊసు లేదు. డీజిల్ గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు అమ్మేవాళ్ళ గురించి అడిగితే మాత్రం మేము చెప్పేది ఒకటే: ఆ డబ్బుతో టైర్లలో గాలి కొట్టించుకొని మిగతాది బిర్యానీ తినండి.

మా బండి రిజిస్ట్రేషన్ 2023లో 15 ఏళ్ళు నిండి, 5,000 ఫీజు, గ్రీన్ టాక్స్ కట్టి ఐదేళ్ళు పొడిగించుకున్నాం. 2028 దాకా కాగితం ఉంది. ఈలోగా 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు, ముంబై ప్రాంతంలో పెట్రోలు, డీజిల్ బండ్లను దశలవారీగా తీసేయడం సాధ్యమేనా చూడటానికి కమిటీ వేయమంది. ట్యాక్సీలకు జరిగింది మాకూ జరగొచ్చు. కామాటిపురాను మొత్తంగా కూల్చి కట్టే మాటా నడుస్తోంది, అప్పుడు ఈ గల్లీ, ఈ కిటికీ ఏమవుతాయో. బండి ముందు పోతుందా, చాల్ ముందు పోతుందా అని నాయన అప్పుడప్పుడు పందెం కాస్తాడు.

దసరా లోపల టైమింగ్ బెల్టు మార్చాలి. అది తెగితే మైలేజీ, బలం, పొగ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. నోటుబుక్కులో తర్వాతి గీత అదే.